నాణెమంత తాబేలు, నట్టింటి వాస్తు

తాబేలు చొరబడిన ఇల్లు బాగుపడదని తమిళంలో పాత సామెత ఒకటి ఉంది. జప్తుకు వచ్చే కోర్టు అమీనాను, తాబేలును అది ఒకే గాటన కడుతుంది. కోలారు బంగారు గనుల్లో (కె.జి.ఎఫ్.) తరాలుగా పనిచేసిన తమిళ కుటుంబాలకు ఆ సామెత కొత్త కాదు. అదే కోలారు జిల్లాలో, మామిడికి పేరుపడిన శ్రీనివాసపురం వైపు తెలుగు ఇళ్ళలో, ఇప్పుడు దానికి ఎదురుమాట వినిపిస్తోంది. తాబేలు ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందట. ఒకే జిల్లా, ఒకే ప్రాణి. ఒకరికి దరిద్రం, మరొకరికి లక్ష్మి. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు.

ఎదురుమాట వచ్చిన దారి కూడా చూడాలి. చైనా సంప్రదాయంలో నాలుగు దిక్కులకు నాలుగు జంతువులు కావలి ఉంటాయి. ఉత్తరానికి నల్ల తాబేలు. మన వాస్తులో ఉత్తరం కుబేరుడి దిక్కు. ఫెంగ్‌షూయి బొమ్మలు మన బజార్లకు వచ్చాక ఈ రెంటినీ కలిపి కుట్టి, పైన కూర్మావతారం పేరు తగిలించారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే భక్తికీ, గిన్నెలో తాబేలును పెట్టి లాభం ఆశించే ఈ బేరానికీ పొంతన లేదు. ఇత్తడి తాబేలును నీళ్ళ పళ్ళెంలో ఉత్తరానికి తిప్పి పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, ఇత్తడికి ఆకలి వేయదు. బొమ్మతో తృప్తి పడనివాళ్ళు అక్వేరియం దుకాణం నుంచి ప్రాణమున్నదాన్ని తెచ్చినప్పుడే అసలు బాధ మొదలవుతుంది.

దుకాణాల్లో ఎక్కువగా దొరికేది రెడ్ ఇయర్డ్ స్లైడర్ పిల్ల. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. కొన్నప్పుడు పది రూపాయల బిళ్ళకన్నా కాస్త పెద్దది, అంతే. చిన్నగానే ఉండిపోతుందనుకుని కొంటారు. ఆడదైతే చిప్ప పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. సరిగ్గా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. గిన్నెలో పెట్టినవాటిలో చాలా వాటికి ఆ వయసు రాదు.

పిల్ల చచ్చిపోయినప్పుడు చెప్పే మాట ఒకటుంది. ఇంటికి రావలసిన కీడును అది తన మీద వేసుకుని పోయిందంటారు. బతికితే అదృష్టం, చస్తే గండం గడిచింది. మామిడి ధర పలికితే తాబేలు చలవ, ధర పడితే గిన్నె దిక్కు తప్పింది. ఓడిపోయే దారే లేకుండా కట్టుకున్న నమ్మకం ఇది. ఏం జరిగినా సరేననే మాట నిజానికి ఏమీ చెప్పనట్టే. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: కీడు అన్న మాట నోట రాగానే, ఎందుకు చచ్చిందన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. రెండో పిల్ల వచ్చి అదే గిన్నెలో పడుతుంది.

ప్రశ్న అడగడం ఈ నేలకు కొత్త కాదు. అప్పటి కోలారు జిల్లా, గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించే సంఘాన్ని వేసి, పుట్టపర్తి సాయిబాబా మహిమలనే పరీక్షకు పెడదామన్నారు. ఆయన అడిగింది ఒక్కటే, చెప్పినదాన్ని చూపించమని. తాబేలు విషయంలోనూ అడగవలసింది అదే.

చూపించదగిన కారణాలు చాలానే ఉన్నాయి. తాబేలు ఒంట్లో చాలినంత వేడి పుట్టదు, చుట్టూ ఉన్న వేడినే వాడుకుంటుంది. స్లైడర్ పిల్లకు నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. శ్రీనివాసపురం సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ చలిలో గిన్నెలోని పిల్లకు అరుగుదల ఆగిపోతుంది, మేత ముట్టదు. ఏకాదశి ఉపవాసమని మురిసిపోయేవాళ్ళకు ఎదురుగా ఉన్నది జబ్బు. నీళ్ళ హీటరు పెడితే ఆ ఉపవాసం తీరిపోతుంది.

ఎండ సంగతి మరీ ముఖ్యం. నీళ్ళలోంచి పైకెక్కి పూర్తిగా ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి దానికొక మెట్టు కావాలి, అక్కడ వేడి 32 డిగ్రీల పైన ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అందులోనూ యూవీబీ, తగిలితేనే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం చిప్పకు పడుతుంది. కిటికీ అద్దం యూవీబీని అడ్డుకుంటుంది కాబట్టి అద్దం వెనక పెట్టి ఎండ తగిలిందనుకోవడం పొరపాటు. ఆ కిరణాలిచ్చే దీపం ఉండాలి, లేదా నీడకు తప్పుకునే చోటు ఉంచి రోజూ కాసేపు ఆరుబయట పెట్టాలి. దీపం వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి యూవీబీ తగ్గిపోతుంది, మార్చాల్సిందే. ఇవేవీ లేని పిల్ల చిప్పను వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. వాస్తు దోషానికి ఇలాంటి గుర్తు ఒక్కటైనా చూపించగలరా?

తొట్టి సంగతికొస్తే, చిప్ప పొడవు అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్ళు పట్టాలన్నది పెంచేవాళ్ళ లెక్క. లోతు కనీసం చిప్ప వెడల్పుకన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే వెల్లకిలా పడినప్పుడు తిరగలేక మునిగి చస్తుంది. తాబేలు చేపకన్నా ఎక్కువ మురికి చేస్తుంది కనుక ఫిల్టరు పెద్దదే కావాలి. మింగగలిగేంత చిన్న గులకరాళ్ళు వద్దు. ధనం పెరగాలని వేసే చిల్లర అసలే వద్దు, పిల్ల కొరికి మింగితే కడుపులో అడ్డం పడుతుంది.

మేత వేసి ఒకసారి దగ్గరగా చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. వానపాము ముక్క వేయగానే పిల్ల మెడ ముందుకు సాచి ఒక్క పట్టు పడుతుంది, ముందు కాళ్ళ గోళ్ళతో చీలుస్తుంది, ఆ తర్వాత నీళ్ళతో పాటే మింగుతుంది. నీళ్ళు లేకుండా దీనికి ముద్ద దిగదు, అందుకే గట్టు మీద పెట్టిన మేత అలాగే పడి ఉంటుంది. పసితనంలో మాంసాహారమే ఎక్కువ. తాబేలు పెల్లెట్లు, వానపాములు, చిన్న చేపలు రోజూ కొద్దిగా, దాని తలంత మోతాదులో వేస్తే సరిపోతుంది. పెరిగేకొద్దీ ఆకుకూరలు పెంచాలి. డబ్బాలో అమ్మే ఎండు రొయ్యలే నెలల తరబడి వేస్తే ఎ విటమిన్ చాలక కళ్ళు వాచి మూసుకుపోతాయి. దైవ ప్రాణి అని అన్నం, పాలు, ప్రసాదం పెట్టడం దాని కడుపు మీద కొట్టడమే.

చిప్పను తాకి కళ్ళకద్దుకునే అలవాటు మనుషులకూ మంచిది కాదు. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటిమీదా, నీళ్ళలోనూ సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. పిల్లలు జబ్బు పడుతున్నారనే అమెరికా 1975లో నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. తొట్టి నీళ్ళు వంటింటి సింకులో పారబోయకూడదు.

విదేశీ పిల్ల బదులు మన పొలాల్లో దొరికిన తాబేలును పెంచుదామనుకుంటే అది నేరం. నక్షత్ర తాబేలు, చెరువుల్లోని మెత్తని చిప్ప తాబేలు రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నక్షత్ర తాబేళ్ళను మన దేశంలో ఒక్క దొంగ వ్యాపార కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 పట్టుకుపోతున్నారని 2015లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ దొంగ వ్యాపారాన్ని బతికిస్తున్నవాటిలో అదృష్టం మీద ఆశ కూడా ఒకటి.

పెరిగి తొట్టి చాలకపోయేసరికి, పుణ్యం వస్తుందని స్లైడర్‌ను గుడి కోనేటిలోనో ఊరి చెరువులోనో వదిలేస్తారు. ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఇదొకటి. కేరళలో త్రిశ్శూరు దగ్గర 2018లో ఒక కాలువలో బయటపడింది. అదే ఏడాది నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు కె.సి. వ్యాలీ పథకంతో కోలారు జిల్లా చెరువులకు చేరుతున్నాయి. ఏళ్ళ తరబడి ఎండిన చెరువులు నిండుతున్నాయి. వాటిలో స్లైడర్లు చేరితే స్థానిక తాబేళ్ళతో మేతకూ, ఎండ కాచుకునే చోటుకూ పోటీ పడతాయి. అందుకే పెంచలేనివాళ్ళు చెరువు గట్టుకు కాకుండా అటవీ శాఖ దగ్గరికో, జంతు సంరక్షణ కేంద్రానికో తీసుకెళ్ళి అప్పగించాలి.