మార్కుల జాబితాకు టేబుల్, పేజీకి స్టైల్‌షీట్

వెబ్‌పేజీని టేబుల్ గళ్లలో పేర్చాలా, రూపాన్ని విడిగా చెప్పే స్టైల్‌షీట్‌తో తీర్చాలా అన్న తగువు ఎప్పుడో తేలిపోయిందంటారు డిజైనర్లు. తేలిన మాట నిజమే, తీర్పే అన్నిచోట్లా అమలు కాలేదు. ఏళ్ల కిందట చేయించి వదిలేసిన ప్రభుత్వ, విద్యాసంస్థల పేజీలను ఫోన్లో తెరిస్తే అక్షరాలు కంటికి ఆనవు. వేళ్లతో పెద్దవి చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. అట్టడుగున ‘1024×768 తెర మీద బాగా కనిపిస్తుంది’ అన్న సలహా ఒకటి! కోడ్ విప్పి చూస్తే చాలాసార్లు టేబుల్ లోపల మరో టేబుల్ బయటపడుతుంది.

టేబుల్‌ను తప్పుపట్టే ముందు అది వచ్చిన కాలాన్ని చూడాలి. 1995లో నెట్‌స్కేప్ 1.1 బ్రౌజర్ టేబుళ్లను చూపించడం మొదలుపెట్టింది. అవి లెక్కలకూ జాబితాలకూ ఉద్దేశించినవి. ఎడమ పక్క మెనూ, నడుమ వార్త, కుడి పక్క ప్రకటన పెట్టుకోవడానికి అప్పట్లో వేరే దారి లేక డిజైనర్లు వాటినే పట్టుకున్నారు. ఖాళీ జాగా కావాలంటే కంటికి కనిపించని ఒక పిక్సెల్ బొమ్మను సాగదీసి గడిలో పెట్టేవారు. హోకన్ లీ 1994లో ప్రతిపాదించిన స్టైల్‌షీట్లు 1996 డిసెంబరుకు ప్రమాణంగా వచ్చినా, బ్రౌజర్లు తలో రకంగా అర్థం చేసుకున్నాయి. పెట్టె వెడల్పును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కగట్టిన తీరు ప్రమాణంలో ఉన్న తీరు కాదు. గడువులోగా పని అప్పజెప్పాల్సినవాళ్లు ఆనాడు టేబుల్‌ను నమ్ముకోవడాన్ని నేను తప్పనను.

అయితే టేబుల్ అంటే గీతలు, గళ్లే కాదు. ఈ అంకె ఈ వరుసకూ ఆ శీర్షికకూ చెందింది అని అది యంత్రానికి చెబుతుంది. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ మాట మీదే ఆధారపడుతుంది. అలంకారం కోసం వేసిన టేబుళ్లను నేటి స్క్రీన్ రీడర్లు కొంతవరకు ఊహించి సర్దుకుంటాయి గానీ, గళ్లను కోడ్‌లో ఉన్న క్రమంలోనే చదవక తప్పదు. మెనూ ముందుంటే ముందు అదే, తర్వాతే అసలు విషయం. పేజీ అమరిక కోసమే టేబుళ్లు వాడొద్దని 1997 డిసెంబరులోనే హెచ్‌టీఎంఎల్ 4.0 హెచ్చరించింది. తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. మన మాటలు ప్రత్యయాలు కలుపుకుని పొడవవుతాయి. ‘సమర్పించవలసినవారందరికీ’ అన్న ఒక్క పదం గడిలో పడితే ఆ నిలువు వరుస అంతకంటే సన్నబడదు, పక్క వరుసను నెట్టేస్తుంది. స్టైల్‌షీట్‌లో ఒక షరతు రాస్తే చాలు, ఫోన్ తెర మీద ఆ వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ‘రాష్ట్రం’లో ఒత్తులు కింది పంక్తికి తగులుతుంటే ఒక్క ఫైల్లో ఒక్క అంకె మార్చి సైటంతా సరిచేయొచ్చు. కొలతలన్నీ పేజీపేజీలో రాసిపెట్టిన చోట అదే పని సున్నం వేయడానికి గోడ పడగొట్టినట్టుంటుంది.

స్టైల్‌షీట్లతో తలనొప్పి ఎక్కువన్న వాదన ఒకప్పుడు నిజం. పక్కపక్క వరుసలను సమాన ఎత్తులో నిలపడానికే తంటాలు పడేవారు. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ ఒకే నెలలో స్టైల్‌షీట్లలోని గ్రిడ్ పద్ధతిని అందుకున్నాక ఆ సాకు పోయింది. ఈమెయిళ్ల సంగతి వేరు. అవుట్‌లుక్ 2007 నుంచి మెయిళ్లను, స్టైల్‌షీట్లను పూర్తిగా అర్థం చేసుకోని వర్డ్ ఇంజిన్‌తో చూపించడం మొదలుపెట్టింది కాబట్టి అక్కడ టేబుళ్లు బతికే ఉన్నాయి, ఉండనిద్దాం. నన్ను ఎక్కువ చికాకు పెట్టేది వేరే సంగతి. టేబుల్ అంటేనే అంటరానిదన్నట్టు, కొందరు పరీక్షా ఫలితాలను సైతం ఉత్త పెట్టెలుగా పేర్చి స్టైల్‌షీట్‌తో వరుసలు కడుతున్నారు. కంటికి తేడా తెలియదు. శీర్షికలున్న నిజమైన టేబుల్లో అయితే స్క్రీన్ రీడర్ ‘గణితం, 78’ అని చదవగలదు. పెట్టెల్లో అయితే ‘78’ అని ఊరుకుంటుంది, ఏ సబ్జెక్టుదో విన్నవాళ్లే వెతుక్కోవాలి. మెనూను టేబుల్లో పెట్టడం కంటే ఇది పెద్ద తప్పు.

ప్రజలకు అందించే ఎలక్ట్రానిక్ సమాచారం దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. సైట్లు చేయించే అధికారులు బిల్లు మంజూరు చేసేముందు పేజీని ఫోన్లో తెరిచి, అక్షరాలను రెట్టింపు చేసి, టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ పెట్టి ఒకసారి వినాలి. అర్థం కాకపోతే బిల్లు ఆపాలి.