ఇరువదిరెండు బోరు రైఫిలును, గొట్టములోని సీసమును

బోరబండ, ఎర్రగడ్డ, మోతీనగరు ప్రాంతములందు కాపురముండియు స్వగ్రామములందలి సేద్యమును విడువని సభ్యులు మన సంఘమున పలువురు కలరు. వారమునకొకమారు ఊరికి పోయి మొక్కజొన్నయో వేరుసెనగయో చూచుకొని వచ్చువారు. అడవిపందులు ఒక్క రాత్రిలో చేయు నాశమును గూర్చి వారి నోట వినని నెల లేదు. ఈ నడుమ వారిలో కొందరొక క్రొత్త మాట ఎత్తుచున్నారు. కుమారుడు రైఫిల్ క్లబ్బులో చేరి .22 బోరు రైఫిలు సంపాదించినాడు. ఇంట ఊరకయున్న ఆ తుపాకిని చేని కాపలాకు ఏల వాడరాదు? వాడుటకు బలమైన తూటా ఏది? గొట్టములో సీసము పేరుకొనుచున్నదే, దానికి ఉపాయమేమి? మొదటి ప్రశ్నకు మా సమాధానము వాడరాదనియే. తక్కిన రెంటికిని సమాధానము దానినుండియే వచ్చును.

ముందు చట్టము మాట. 1959 నాటి ఆయుధ చట్టము 13వ విభాగమున పంట కాపలాకని చెప్పినది ముందునుండి మందు కూరు తుపాకిని. మనవారు భర్మారని పిలుచునది అదియే. అది చాలదని లైసెన్సునిచ్చు అధికారికి తోచినచో గాడులు లేని నునుపు గొట్టపు తుపాకి నీయవచ్చును. .22 బోరు రైఫిలును మాత్రము వేరుగా, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసము చేసికొనుటకని పేర్కొన్నారు. లైసెన్సు షరతులను మీరుట నేరము. అడవిపందియో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడిన జంతువు. నిలిచియున్న పైరును పాడుచేయుచున్నను, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని ఆయనచే అధికారము పొందిన ఉద్యోగి గాని కారణములు చూపి వ్రాతమూలకముగా అనుమతి నీయనిదే దానిని చంపరాదు. రైతు రెండు చట్టములను ఒక్క రాత్రిలో మీరి, పోయిన పంటతోపాటు కోర్టు ఖర్చు కూడ నెత్తికెత్తుకొనుట మాకు సమ్మతము కాదు.

చట్టము లేకున్నను మేమిదియే చెప్పియుందుము. నేడు వాడుకలోనున్న .22 లాంగ్ రైఫిలు తూటా 1887లో అమెరికాలో స్టీవెన్సు కంపెనీవారు వెలువరించినది. దాని గుండు సాధారణముగా 40 గ్రెయినుల మెత్తని సీసము. తులమునకు 180 గ్రెయినులు గనుక, ఇది పావు తులమునకు తక్కువ. మందమైన తోలును, దాని క్రింద కొవ్వును గల మగపంది, నూరు కిలోలకు దగ్గరగా తూగునది, ఈ గుండు తగిలిన చోటనే పడునని నమ్మరాదు. గాయపడి పత్తిచేనిలోనో చెరకులోనో దూరి పడియుండును. తెల్లవారి ఆ చేనికి పోవునది తుపాకి పేల్చినవాడు కాదు, కలుపు తీయవచ్చిన స్త్రీ. గాయపడిన పంది ఎదురు తిరిగిన నేమగునో రైతులకు వేరుగా చెప్పవలసిన పని లేదు.

గురి తప్పిన గుండు సంగతియు కలదు. ఈ చిన్న తూటా ఒకటిన్నర మైలు దూరము వరకు పోగలదు. అదిగాక సీసపు గుండు రాతికి గాని నీటికి గాని ఏటవాలుగా తగిలి దారి మార్చుకొని లేచిపోవును. మన తెలంగాణము బండల నేల. బోరబండ పేరులోనే బండ యున్నది. రాత్రివేళ టార్చిలైటు వెలుగున గుట్టల నడుమ కాల్చిన గుండు ఎవరి గుడిసె చేరునో చెప్పగలవారెవరు?

కావున ఈ రైఫిలుకు తగిన చోటు గురి మైదానమే. అచ్చట దానికి గౌరవము తక్కువ కాదు. బోరబండకు ఎంతో దూరము లేని గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమున, క్రీడా ప్రాధికార సంస్థవారి శూటింగ్ రేంజి కలదు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలందు మన హైదరాబాదు బాలిక ఈషా సింగు 25 మీటర్ల పిస్టలు జట్టులో నుండి స్వర్ణము తెచ్చినది. ఆ పోటీలో వాడునది ఈ .22 తూటాయే.

ఇక సీసము పేరుకొనుట. రైఫిలు గొట్టము లోపల మెలిపడిన గాడులుండును. గుండు వానిని కరచుకొని తిరుగుచు వెడలును. మెత్తని సీసము ఇనుమును రాచుకొనకుండుటకై గుండుపై మైనమో కొవ్వో పూసియుందురు. ఆ పూత చాలినంతవరకు చిక్కు లేదు. పూత కొరవడినను, గొట్టము లోపల గరుకైనను, గుండు గొట్టమునకు సరిగా పట్టక వెనుకటి వేడి వాయువు ప్రక్కలనుండి దూసుకొనిపోయినను, సీసము సన్నని రేకువలె అంటుకొనును. గురి క్రమముగా చెదరును. పలువురు దీనిని తుపాకి దోషమనుకొందురు. తరచుగా అది తూటాలను ఉంచుకొను పద్ధతిలోని దోషము. మే నెల యెండలో కారులోనో రేకుల యింట ఇనుప పెట్టెలోనో ఉంచిన తూటాల మైనము కరగి డబ్బాకంటును. విడిగా జేబులో వేసికొన్నచో రేగడి ధూళి మైనమునకంటి, గుండు గొట్టములో ఆకురాయివలె పనిచేయును. విత్తనములను చల్లని చోట దాచు రైతుకు ఈ మాట తేలికగా తెలియును.

తూటా యెన్నిక విషయమున మా అభిప్రాయము సూటిగా చెప్పుదుము. బలమైనదని, వేగముగా పోవునదని డబ్బాపై వ్రాసిన తూటాల వెంట పడవలదు. వానిలో కొన్నింటికి పలుచని రాగిపూత యుండుటచే సీసము కొంత తక్కువగా అంటుట నిజమే. కాని వాని గుండు ధ్వని వేగమును దాటి బయలుదేరి, దారిలో ఆ వేగమునకు దిగునప్పుడు కుదుపు పొందుటయు కలదు. గురి అభ్యాసకులు ధ్వని వేగమునకు లోబడిన, మైనము పూసిన సాదా సీసపు తూటాను కోరుట అందుచేతనే. వేగపు తూటాలను అడుగువారిలో పెక్కుమంది మనసులో పంది యున్నది. ఆ పంది పని ఈ తుపాకిది కాదని పైన చెప్పితిమి.

ఏ తయారీ మేలన్నది గొట్టమే చెప్పవలెను. ఒకే కర్మాగారమున ప్రక్కప్రక్కన తయారైన రెండు రైఫిళ్లు రెండు వేరు తూటాలను మెచ్చుట కద్దు. రెండు మూడు రకములు కొలదిగా తెచ్చి, 50 మీటర్ల గురిమీద ఒక్కొక్క రకము పదేసి తూటాలు కాల్చి, రంధ్రములు దగ్గరగా కూడిన రకమును ఎంచుకొనవలెను. మొలక పరీక్ష చేయక విత్తు చల్లని రైతుకు ఇది క్రొత్త పాఠము కాదు. రకము మార్చినప్పుడు పాత మైనము పోయి క్రొత్తది కుదురుకొనువరకు మొదటి తూటాలను లెక్కింపరాదు. చవకయని .22 షార్టు అను పొట్టి తూటాలను లాంగ్ రైఫిలు గదిలో విస్తారముగా కాల్చినచో, పొట్టి తొడుగు ముగిసిన చోట మడ్డి వలయముగా కట్టి, పిమ్మట నిండు తూటా దూర్చినప్పుడు బిగిసి కూర్చుండును. (యూరియావలె సంఘము మొత్తముగా కొని పంచిపెట్టరాదా యని యొకరడిగిరి. రాదు, తూటాలు ఎవరి లైసెన్సుపై వారు కొనవలసినవే.)

శుభ్రము చేయుటలో మనవారికి ఒక పాత అలవాటున్నది. భర్మారులో నల్లమందు కాలిన బూడిద తేమను పీల్చి ఇనుమును తినును గనుక, ఆ సాయంత్రమే వేడినీటితో కడిగి నూనె రాయుదురు. అది సరియైన పనియే. తొలినాటి రింఫైరు తూటాలలోని పేలుడు మిశ్రమము కూడ ఉప్పువంటి మడ్డిని విడిచి తుప్పు పట్టించెడిది. 1920ల నుండి తుప్పు పట్టించని మిశ్రమములు వాడుకలోనికి వచ్చినవి. నేటి .22 గొట్టమును దినదినము తోమనక్కరలేదు. తోమి తోమి గొట్టము నోటిని అరగదీసినవారే ఎక్కువ. గురి చెదరినప్పుడు, పూత గల కడ్డీతో, వీలైనంతవరకు వెనుకవైపునుండి, గుడ్డ నడపవలెను. సీసము గట్టిగా పట్టియున్న కంచు బ్రష్షు చాలును. ఇసుక కాగితము, ఇనుప తీగ దరి చేరనీయరాదు.

ఆ గుడ్డ నెచ్చట పారవేయుచున్నారని మేము అడుగుదుము. గుండులోనే కాదు, అంచులో నింపిన పేలుడు మిశ్రమమున సైతము చాలవరకు సీసపు లవణమే యుండును. పేల్చినప్పుడు అది సన్నని ధూళియై చేతులకు, బట్టలకు అంటును. పిల్లల శరీరమున సీసమునకు హాని లేని మోతాదు అనునది తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒకటి రెండు గదుల ఇండ్లలో వంట చేయు చోటనే తుపాకి తుడుచుట మహా ప్రమాదము. ఆరుబయట తుడిచి, గుడ్డను మూటగట్టి వేరుగా ఉంచి, సబ్బుతో చేతులు కడుగుకొని, బట్టలు మార్చుకొనిన పిమ్మటనే బిడ్డ నెత్తుకొనవలెను. రేంజినుండి వచ్చిన కుమారునకును ఇదియే నియమము.

పందుల మాట మిగిలినది. కరెంటు తీగలు కట్టుట తుపాకికన్న ఘోరము. వానికి తగిలి సాటి రైతులే మరణించిన వార్తలు మనము చదివితిమి. రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున పైరులను పాడుచేయు జంతు పక్షుల నివారణపై పరిశోధన చేయు కేంద్రమున్నది. మొక్కజొన్న చుట్టు ఆముదమును, వేరుసెనగ చుట్టు ముండ్లు గల కుసుమను దట్టముగా వేయుట వారి సలహాలలోనిది. ఒక్క చేను చుట్టు వేసిన పంది ప్రక్క చేనికి పోవును. పదిమంది పొలములు కలిసి వేసినచో ఫలించును. అటవీశాఖ అనుమతికి సైతము ఒక్కొక్కరు తిరుగుటకన్న, సర్వే నంబర్లతో, నష్టపోయిన పైరు ఛాయాచిత్రములతో గ్రామమంతయు ఒకే అర్జీ పెట్టుట మేలు. అట్టి అర్జీలను వ్రాసిపెట్టు పనిని సంఘము తన మీద వేసికొనవలెనని, దీనిని వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని కార్యవర్గమును కోరుచున్నాము.