మెట్టు ఎక్కడ నిలవాలో తేల్చే చెవి

పియానో వాయించేవారికి తమ వాద్యంతో ఒక దూరం ఉంటుంది. మిగతా కళాకారులకు అది ఉండదు. వీణ వాయించే ఆమె కచేరీకి ముందు బిరడాలు తిప్పి శ్రుతి చేసుకుంటుంది. మృదంగం వాయించే ఆయన రాయితో అంచుల మీద తట్టి శ్రుతి కలుపుకుంటాడు. డప్పు కళాకారులు మంట వేసి డప్పు కాచుకుంటారు. పియానో ముందు కూర్చున్న మనిషికి ఈ పనులేవీ ఉండవు. 88 మీటలు, 200కు పైగా తీగలు, ఆ తీగల లాగుడును టన్నుల లెక్కన మోసే పోత ఇనుప చట్రం. అన్నీ ఎక్కడో ఎవరో చేసి పెట్టినవి. శ్రుతి తప్పితే ట్యూనర్ రావాలి. వేదిక మీద ఏ పియానో ఉంటే దానితోనే సర్దుకోవాలి.

అలాంటి పియానోలో ఆరితేరి, ఆపైన తన వాద్యాలు తానే చేసుకున్న జాజ్ కళాకారుడు కూపర్-మూర్. 1946లో అమెరికాలోని వర్జీనియాలో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. 1970లలో న్యూయార్క్‌లో సాక్సోఫోన్ విద్వాంసుడు డేవిడ్ ఎస్. వేర్‌తో కలిసి వాయించారు. తర్వాత బాస్ విద్వాంసుడు విలియం పార్కర్ బృందంలో పియానో ఆయనదే. 2017లో న్యూయార్క్ విజన్ ఫెస్టివల్ ఆయనను జీవన సాఫల్య పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవం పియానోకు ఎంతో, ఆయన చేతితో చేసిన వాద్యాలకూ అంతే. ఆషింబా అని ఆయన పేరు పెట్టుకున్న వాద్యంలో 11 చెక్క పలకలు ఉంటాయి, పుల్లలతో కొట్టి వాయిస్తారు. పార కర్రకు తీగలు బిగించి ఒక హార్ప్ చేశారు. ఒంటి తీగ డిడ్లీ బో మీద జాజ్ బృందానికి సరిపడా బాస్ పలికిస్తారు.

ఈ డిడ్లీ బోకు చరిత్ర ఉంది. అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లవారి పిల్లలు ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య ఒక తీగ లాగి, కింద సీసా దోపి వాయించేవారు. బ్లూస్ గిటారిస్టుల్లో చాలామందికి అదే మొదటి వాద్యం. కొనే స్తోమత లేని చోట పుట్టిన విద్య అది. కొనడం అటుంచి, వాయించడానికే వీల్లేని కాలం కూడా నడిచింది. 1739లో దక్షిణ కరొలైనాలో బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడే అక్కడి చట్టం వాళ్ల చేతుల్లో డ్రమ్ములు ఉండకూడదంది. వాద్యం చేతిలో లేకుండా చేస్తే చేతికి దొరికిన దానితో వాద్యం చేసుకున్న జాతి వారసుడు కూపర్-మూర్. ఆయన పనిని సరదా వ్యాపకంగా చూస్తే ఈ వారసత్వం కనబడదు.

వాద్యం చేసుకునే మనిషికి దక్కే మొదటి హక్కు, స్వరం ఎక్కడ నిలవాలో తానే తేల్చుకోవడం. పియానో సప్తకాన్ని 12 సమాన భాగాలు చేసి పెట్టింది. పక్కపక్క రెండు మీటల మధ్య ఊగే గాంధారాన్ని పలికించాలంటే వేలికి దారి లేదు. హ్యారీ పార్చ్ అనే అమెరికా స్వరకర్తకు సప్తకంలో 43 స్వరాలు కావలసి వచ్చాయి. అలాంటి వాద్యాన్ని ఏ ఫ్యాక్టరీ చేస్తుంది? 1974లో కన్నుమూసే దాకా ఆయన తన సంగీతానికి కావలసిన వాద్యాలను చాలావరకు తానే తయారు చేసుకున్నారు. కొత్త సంగీతం కావాలనుకున్నవాడు ఉలి పట్టక తప్పలేదు.

ఇదంతా పరాయి ముచ్చట కాదు. నేనుండే అత్తాపూర్‌లో ఇంటి చిరునామా అడిగితే పిల్లర్ నంబర్ చెబుతారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ఆ స్తంభాలే మాకు గుర్తులయ్యాయి. పైన కార్లు శంషాబాద్ విమానాశ్రయానికి పోతుంటాయి. కింది రోడ్డు పట్టుకుని ఆరాంఘర్ దాటితే శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పాలమూరు. మా అపార్ట్‌మెంట్లు కట్టిన చేతుల్లో పాలమూరు చేతులు ఎన్నో. ఆ పాలమూరులోనే తమ వాద్యం తామే చేసుకుని వాయించే కళాకారులు తరతరాలుగా ఉన్నారు.

దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు దండి, దాని కింద ఎండిన సొరబుర్రలు, దండి మీద తేనెమైనంతో అతికించిన మెట్లు, కొసన నెమలి బొమ్మ. పూర్వం మెట్లకు అలుగు పొలుసులు, తీగలకు వెంట్రుకలో జంతువుల నరాలో వాడేవారని చెబుతారు. ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి. ఈ కిన్నెర మీదే పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాలమూరు ఊళ్లలో బతికాయి. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పది బుర్రవీణ. అదీ వెదురు, సొరబుర్ర, లోహపు తీగల కలయికే. మొగులయ్యకు 2022లో, కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

మైనం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు పనసమాను దుంగను తొలిచి వీణ చేస్తారు. చెక్కడమంతా పూర్తయినా అది ఇంకా వీణ కాదు. దండి మీద మైనం మెత్తి 24 మెట్లు నిలపాలి. దీన్నే మేళం కట్టడం అంటారు. తీగ మీటుతూ, వింటూ, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతూ, స్వరం కుదిరిన చోట మెట్టును నిలుపుతారు. టేపు పెట్టి కొలిచి గీత గీస్తే ఈ పని అయిపోదు. తీగ మందం, దాని ఎత్తు, దండి వంపు వీణకూ వీణకూ మారతాయి. ఏళ్లు గడిచేకొద్దీ మైనం సడలుతుంది, మెట్లు అరుగుతాయి. మళ్లీ మేళం కట్టాలి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ ఆ గుర్తింపుకు ప్రాణం పోసేది మేళం కట్టే మనిషి చెవే.

పాలమూరు కిన్నెరలోనూ, బొబ్బిలి వీణలోనూ మెట్టును పట్టి ఉంచేది మైనమే. రెంటిలోనూ మెట్టు స్థానం తేల్చేది చెవే. అయితే వీణను శాస్త్రీయ వాద్యమని కళాశాలలో పెట్టాం. కిన్నెరను అడుక్కునేవాళ్ల చేతిలోని వస్తువుగా చూశాం. కిన్నెర డక్కలి వాళ్లది. మాదిగలకు జాంబపురాణం చెప్పి, వాళ్లిచ్చిన దాంతో బతికిన కులం. అంటరానివారిలోనే అట్టడుగున నిలబెట్టిన కులం. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల వాళ్ల జమిడికదీ ఇదే గతి. ఒక తోలు మూత, ఒక తీగ. తీగను బిగించి, సడలించి స్వరం పలికిస్తారు. తోలూ నరమూ సొరబుర్రా ముట్టుకునే చేతుల పరిజ్ఞానాన్ని మనం సంగీతంలో లెక్కించలేదు. ఆ లెక్క తప్పు. కళ్ల ముందు తీగ, బుర్ర, మైనం పెట్టుకుని చెవి ఒక్కదాని సాయంతో 12 మెట్లు అమర్చగలవాడు ధ్వనిశాస్త్రం ఎరిగినవాడే.

వాద్యాన్ని మార్చుకున్న కళాకారుడు ఎంత దూరం పోగలడో తెలుగువారికి ఒకరు చూపించారు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి వచ్చిన మాండలిన్‌లో తీగలు జంటలు జంటలుగా ఎనిమిది ఉంటాయి. జంట తీగల మీద గమకం లాగడం కష్టం, లాగినా పలుకు త్వరగా ఆగిపోతుంది. ఆయన విద్యుత్ మాండలిన్‌కు మారి, అయిదు ఒంటి తీగలు పెట్టించుకున్నారు. ఆ వాద్యంతో 1983లో, 14 ఏళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. తర్వాతి రోజుల్లో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు. 2014లో మనల్ని వదిలి వెళ్లేనాటికి మాండలిన్ ఆయన ఇంటిపేరు. వాద్యం ఎలా ఉందో అలాగే ఒప్పుకుని ఉంటే ఆ సంగీతం పుట్టేది కాదు.

మరి మనం ఇలాంటి చేతులకు ఏం చేస్తున్నాం? 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటలో మొగులయ్య గొంతూ కిన్నెరా రాష్ట్రమంతా మోగాయి. పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కట్టుబడి పని దగ్గర కూలి చేస్తున్న దృశ్యాలు అందరం చూశాం. చందాలు, హామీలు, చర్చలు నడిచాయి. ఆ చర్చల్లో నేను వెతికి వెతికి చూసినా వినబడని ప్రశ్న ఒకటే. ఆయనకు తెలిసిన కిన్నెర తయారీని ఎంతమంది నేర్చుకుంటున్నారు? పాటను రికార్డు చేయవచ్చు, దాచవచ్చు. ఏ బుర్ర మోగుతుందో తట్టి చెప్పే చెవిని, మైనం ఎంత వేడిలో పట్టుకుంటుందో తెలిసిన వేళ్లను రికార్డు చేయలేం. అది పక్కన కూర్చుని నేర్చుకోవలసిన విద్య.

కిన్నెర ధ్వనిని కీబోర్డులో పెట్టుకోవచ్చు కదా, యంత్రంతో చేయించవచ్చు కదా అనే వాదన నేను తోసిపుచ్చను. మా అత్తాపూర్‌లో కీబోర్డు, గిటారు నేర్చుకునే పిల్లలను చూస్తే నాకు సంతోషమే. కానీ కీబోర్డులో నిక్షిప్తమైన కిన్నెర ఒక్క రోజు, ఒక్క చేతిలో పలికిన ధ్వని. అక్కడి నుంచి అది ఎదగదు. తయారీ తెలిసినవాడు ఉంటేనే పదమూడో మెట్టు వస్తుంది, కొత్త తీగ వస్తుంది, కొత్త బుర్ర వస్తుంది. శ్రీనివాస్ అయిదో తీగ అలాంటిదే. కూపర్-మూర్ ఆషింబా అలాంటిదే. సంప్రదాయాన్ని నిలబెట్టేవాళ్లకూ, కొత్త సంగీతం చేయాలనే కుర్రవాళ్లకూ కావలసింది ఒకే గది: పనిముట్లు, ముడిసరుకు, చెప్పే గురువు ఉన్న గది.

ఆ గది కట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో వాద్య తయారీని ఒక పాఠ్యాంశం చేయాలి. వీణ నేర్చుకునే ప్రతి విద్యార్థీ కనీసం ఒకసారి మేళం కట్టడం దగ్గరుండి చూసి, చెయ్యి పెట్టాలి. కిన్నెర, బుర్రవీణ, జమిడిక చేసేవారిని డిగ్రీ అడగకుండా గురువులుగా తీసుకోవాలి. వారికి నెలనెలా జీతం ఇవ్వాలి. గౌరవ భృతి పేరుతో ఇచ్చేది ఎప్పుడు ఆగుతుందో తెలియదు, జీతం హక్కు. గుండ్రటి సొరకాయలను తీగ మీదే ముదరనిచ్చి ఎండబెట్టే రైతులకు ముందే కొనుగోలు మాట ఇవ్వాలి. మంచి బుర్ర దొరక్క వాద్యం ఆగిపోకూడదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు ఏళ్ల తరబడి ఊరూరూ తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలను సేకరించి కాపాడారు. ఆ సేకరణల పక్కనే పని గదులు రావాలి. అద్దాల వెనక ఉన్న వాద్యాన్ని చూసి దానిలాంటిది మరొకటి చేసే అవకాశం పిల్లలకు కావాలి.

బడుల్లో కూడా ఇది సాధ్యం. వెదురు ముక్క, ఒక తీగ, ఒక డబ్బా ఇస్తే అయిదో తరగతి పిల్ల మధ్యాహ్నానికల్లా ఒంటి తీగ వాద్యం చేయగలదు. తీగ పొట్టిదైతే స్వరం పైకి, పొడుగైతే కిందికి పోతుందని ఆమెకు ఫిజిక్స్ పుస్తకం తెరవకముందే చేతులతో తెలుస్తుంది. ఆ పిల్ల రేపు పియానో వాయించినా, కిన్నెర వాయించినా, ఏ వాద్యాన్నీ ఎవరో ఇచ్చిన పెట్టెగా చూడదు.

ఆరాంఘర్ నుంచి పాలమూరుకు బస్సులు రోజంతా పోతుంటాయి. అటు నుంచి మనుషులను కూలికి రప్పించుకోవడం ఈ నగరానికి బాగా అలవాటు. గురువులుగా రప్పించుకోవడం ఇంకా నేర్చుకోవాలి. రాబోయే విద్యా సంవత్సరంలోనే ఒక్క కళాశాలలో, ఒక్క గదిలో, ఒక్క కిన్నెర గురువుతో మొదలుపెట్టమని సాంస్కృతిక శాఖను కోరుతున్నాను. పద్మశ్రీ ఇచ్చిన దేశానికి, పాటను తెరకెక్కించుకున్న పరిశ్రమకు, ఆ పాట విని పులకించిన మనకు అది తీర్చవలసిన బాకీ.