మన సంతకం లేని అప్పు

పొదుపు సంఘం అప్పు తీసుకోవాలంటే ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పదిమందీ కూర్చుంటారు. ఎవరికి, ఎంత, ఎందుకు, నెలకు కంతు ఎంత అని మాట్లాడుకుంటారు. పుస్తకంలో తీర్మానం రాసి సంతకాలు పెడతారు. తీర్మానం లేకుండా బ్యాంకు అప్పివ్వదు. మనకు ఇంత క్రమశిక్షణ నేర్పిన ప్రభుత్వాలు తాము అప్పు చేసేటప్పుడు మాత్రం మనల్ని అడగవు. 2020-21లో పట్టణాల ఇంటి పన్ను పెంచి, దాంతో సంపాదించిన అప్పు సంగతి మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

జరిగింది ఇది. కరోనా కాలంలో, 2020 మేలో, రాష్ట్రాల అప్పుల పరిమితిని కేంద్రం ఆ ఏడాదికి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. పెంచిన 2 శాతంలో అర శాతానికే షరతుల్లేవు. మిగతాది కావాలంటే చెప్పిన సంస్కరణలు చేసి చూపించాలి. వాటిలో ఒకటి పట్టణాలది. భూముల రిజిస్ట్రేషన్ విలువకు తగ్గట్టు ఆస్తి పన్నుకూ, ఖర్చులకు తగ్గట్టు నీటికీ మురుగుకూ కనీస రేట్లు ప్రకటించాలి. ఈ షరతును అందరికంటే ముందు నెరవేర్చినవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. వెనకే తెలంగాణ కూడా అదే దారి పట్టింది. గమనించండి, ఇది గ్రాంటు కాదు. అప్పు చేసుకోవడానికి అనుమతి మాత్రమే.

దీనికోసం ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లో పురపాలక చట్టాలను సవరించింది. అంతకుముందు ఇంటి పన్నును ఏడాది అద్దె విలువను బట్టి కట్టేవారు. 2021 ఏప్రిల్ నుంచి స్థలం, కట్టడం విలువను బట్టి కట్టాలన్నారు. పాత పన్ను మీద పెంపు 15 శాతం మించదని భరోసా ఇచ్చారు. కానీ 15 శాతం చొప్పున ఏటా పెరుగుతూ పోతే వెయ్యి రూపాయల పన్ను ఐదేళ్ళకు రెండు వేలు దాటుతుంది. అదే ఐదేళ్ళలో మిషను కుట్టే ఆమె కూలి, ఇళ్ళల్లో పనిచేసే ఆమె జీతం రెట్టింపయ్యాయా?

పన్ను డబ్బు పురపాలక సంఘానికే వస్తుంది, నిజమే. అయితే ఎంత పెంచాలన్నది ఊరి అవసరాన్ని లెక్కగట్టి నిర్ణయించింది కాదు. రాష్ట్రానికి అప్పు పుట్టడం కోసం చేసింది. ఆ అప్పు రాష్ట్ర ఖజానాకు చేరింది. మన కుళాయికి ఇంత, మన కాలువకు ఇంత అని ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు అడగవలసిన కౌన్సిళ్ళు లేవు. 2014లో ఎన్నికైనవాటి గడువు 2019లో తీరింది. ఊళ్ళను ప్రత్యేకాధికారులు ఏలారు. ఒంగోలునే చూడండి. 2012లో నగరపాలక సంస్థ అయిన ఆ ఊరికి తొలి ఎన్నిక 2021 మార్చి 10న గానీ జరగలేదు. సగం సీట్లు స్త్రీలకు కేటాయించారు. మేయరు కూడా మహిళే అయ్యారు. మనం పండగ చేసుకోవలసిన సందర్భమే. కానీ ఒంగోలులోనే కాదు, ఏ పట్టణంలోనైనా ఆ స్త్రీలు కౌన్సిల్లో అడుగుపెట్టేసరికి పన్ను పద్ధతి, రేట్ల హద్దులు ఖరారై ఉన్నాయి. కుర్చీ మనకిచ్చి, తాళాలు ముందే పట్టుకుపోయారు.

ఇంటి విలువ ఇంటి ఆదాయం కాదు. బజారు పక్కన పాత పెంకుటింట్లో ఒంటరిగా బతికే స్త్రీకి చుట్టూ దుకాణాలు లేచినకొద్దీ స్థలం విలువ పెరుగుతుంది, చేతిలో రూపాయి పెరగదు. సొంతదారులే ఉండే 375 చదరపు అడుగుల లోపు ఇళ్ళకు ఏడాదికి 50 రూపాయలే అన్నారు. మంచిదే. మరి అద్దెకుండే వాళ్ళ మాట? వాళ్ళకు పన్ను నోటీసు రాదు, అద్దె పెరుగుతుంది. కాగితాల్లో ఇల్లు మగవాడి పేరున ఉంటుంది. పన్ను కట్టడానికి కూరల్లో, పిల్లల ఫీజుల్లో మిగల్చవలసింది ఆడమనిషి. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళలో బిందెలతో కాపలా కాసేదీ ఆమే.

2021 అక్టోబరు నుంచి చెత్తకు కూడా నెలనెలా రుసుం వేశారు. ప్రతి నెలా గుమ్మం ముందుకొచ్చి అడిగారు కనుక ప్రతి నెలా పోట్లాట జరిగింది. అది రాజకీయ సమస్య అయింది. చివరికి 2024లో రద్దయింది. ఇంటి పన్ను మీద కూడా 2021లో చాలా ఊళ్ళలో నిరసనలు జరిగాయి. కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు కట్టేది కావడంతో ఆ వేడి నిలవలేదు. కళ్ళ ముందు కనిపించే భారాన్ని ఎదిరించగలిగాం. దాని వెనకున్న అప్పును చూడలేకపోయాం.

పన్నులే వద్దని నేను అనడం లేదు. పురపాలక సంఘం దగ్గర డబ్బు లేకపోతే ముందు దెబ్బ తినేది మనమే. 2022 జులైలోనూ, 2023 డిసెంబరు చివర్లోనూ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళలో ఎందరు స్త్రీలో మనకు తెలుసు. వాళ్ళ జీతాలకు, నీళ్ళకు, దీపాలకు డబ్బు కావాలి. ఎవరి మీద వేయాలి, ఎంత వేయాలి, దేనికి ఖర్చు పెట్టాలి అన్నది ఆ ఊరివాళ్ళు తేల్చాలి. ఖాళీ స్థలాలు పెట్టుకుని ధర కోసం కాచుకున్నవాళ్ళనూ, పెంకుటింటి ఒంటరి స్త్రీనీ ఒకే కాటాలో తూచకూడదు.

కాబట్టి సంఘాల్లో పనిచేసే మనం ఈ పనులు ఎత్తుకోవాలి. కౌన్సిలు బడ్జెట్ పెట్టకముందే దాన్ని తెలుగులో వార్డుల్లో చదివి వినిపించమని అడగాలి. వార్డు కమిటీలను రాజ్యాంగం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళకే తప్పనిసరి చేసింది. చిన్న ఊళ్ళలో మనమే పట్టుబట్టి కూర్చోబెట్టాలి. ఊరి పేరున ఉన్న అప్పులెన్ని, వాటి షరతులేమిటి, వడ్డీ ఎంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగాలి. కౌన్సిలర్లయిన స్త్రీలకు ప్రారంభోత్సవాల్లో శాలువాలు కప్పడం కంటే, లెక్కలు చదవడంలో పక్కన కూర్చోవడం ఎక్కువ సాయం.

కంతుల పుస్తకం చదవగలిగిన స్త్రీ పురపాలక బడ్జెట్ చదవలేకపోవడానికి కారణం లేదు. ఆ పుస్తకం ఆమె చేతికి ఇవ్వకపోవడమే కారణం. అడిగి తీసుకుందాం.