కొండ దిగిన సైకిల్

మేడమెట్ల కిందో, అపార్టుమెంటు సెల్లార్లోనో ఓ మూలన అది ఉండే ఉంటుంది. లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, 18 గేర్లు... తొమ్మిదో తరగతిలో ఉండగా పిల్లాడు అన్నం మానేసి మరీ కొనిపించుకున్న ‘మౌంటెయిన్ బైక్’. కాలేజీలో చేరాక మోటారు బండి వచ్చింది. దీనికి దుమ్ము పట్టింది. పాతసామాన్ల వాడికి వేస్తే కిలోల లెక్కన పట్టుకుపోతాడు. వేసేముందు ఒక్కసారి ఆగండి. పాలప్యాకెట్టుకీ, కూరలకీ, సాయంత్రం సముద్రం దాకా వెళ్లిరావడానికీ పనికొచ్చే తేలికపాటి సైకిలొకటి ఆ ఇనుములో దాక్కుని ఉండొచ్చు. ఇంట్లో లేకపోతే సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవచ్చు.

తేలిక ఎందుకంటారా... రుషికొండలో ఉండేవాళ్లకి రెండు కారణాలు. ఒకటి రోడ్డు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్‌రోడ్డు ఇక్కడ బల్లపరుపుగా ఉండదు, ఎక్కుతూ దిగుతూ పోతుంది. రెండోది గాలి. ఉప్పుగాలికి ఇనుమంటే మహా ఇష్టం! ఉక్కు తయారయ్యే ఊరే అయినా, సముద్రం పక్కన ఆరుబయట వదిలేసిన ఉక్కు సైకిల్ ఎంతోకాలం నిలవదు. కాబట్టి దాన్ని రోజూ ఇంట్లోకి మోసుకెళ్లాలి. 18 కిలోల బండిని రెండో అంతస్తుకి ఎన్నాళ్లని మోస్తారు? నాలుగోరోజుకి కిందే వదిలేస్తారు. బరువు తగ్గితేనే అది ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో ఉంటేనే బతుకుతుంది.

నిజానికి పాత సైకిల్ని విప్పి మళ్లీ బిగించుకోవడం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన అలవాటే. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో టమాల్‌పాయిస్ కొండ దగ్గరి కుర్రాళ్లు 1930, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లను తెచ్చి, గట్టి బ్రేకులూ గేర్లూ తగిలించి కొండదారుల్లో దూసుకెళ్లేవారు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన అందుకోసమే ప్రత్యేకంగా క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గొట్టాలతో ఫ్రేము తయారుచేశాడు. వీధి సైకిల్ అలా కొండెక్కింది. ఇప్పుడు చేయాల్సింది దాన్ని మళ్లీ వీధిలోకి దించడమే.

ముందు ఎముకలు చూడాలి

పైసా ఖర్చుపెట్టకముందే ఫ్రేమును పరీక్షించాలి. పైపైన కనిపించే తుప్పు గురించి బెంగ అక్కర్లేదు, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. అతుకుల దగ్గర సన్నటి చీలికలూ, రంగు కింద బుడగలూ ఉంటేనే అనుమానించాలి. సీటు రాడ్డు బయటికి లాగి, టార్చి వేసి గొట్టంలోకి చూడండి. లోపలికి దిగిన నీరు పెడళ్ల ఇరుసు ఉండేచోట చేరి అక్కణ్నుంచే తినేస్తుంది. ఇనుము పొరలు పొరలుగా ఊడివస్తుంటే ఆ ఫ్రేము మీద ఆశ వదులుకోవడమే మంచిది. మొహమాటపడి అతుకు వేయించి పిల్లల చేతికి ఇవ్వకూడదు. వెనక కూడా స్ప్రింగు ఉన్న ఫ్రేమును ఎంత విప్పినా తేలిక కాదు, దాన్నీ వదిలేయాలి.

సీటు రాడ్డు మీద చిన్న అంకె ఉంటుంది. 27.2 అని ఉంటే గొట్టం గోడలు పల్చన, మేలురకం ఉక్కు అయ్యే అవకాశం ఎక్కువ. 25.4 అయితే మందపాటి మామూలు ఉక్కు. కాస్త బరువే గానీ వాడుకోవడానికి ఢోకా లేదు.

విప్పేటప్పుడు ఒక చిక్కుంది. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే అది ఊడుతుంది. ఇరుసుకి కుడిపక్కనుండే కప్పుదీ సాధారణంగా అదే పద్ధతి. ఈ సంగతి తెలియక బలమంతా పెట్టి మర పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. అన్నట్టు, ఆ కప్పు మరను నేటికీ ‘బీఎస్‌ఏ’ మర అంటారు. బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్... తుపాకులు చేసి, ఆపైన సైకిళ్లు చేసిన ఇంగ్లాండు కంపెనీ!

తీసేస్తే చాలు

చవకరకం స్ప్రింగుల ఫోర్కు ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. దాని బదులు మామూలు ఉక్కు ఫోర్కు వేస్తే కిలోకి పైగా తగ్గుతుంది. పొడవు మాత్రం పాతదానికి దగ్గరగా ఉండాలి. మరీ పొట్టిదైతే ముందు భాగం కుంగి, హ్యాండిల్ నిలకడ తప్పుతుంది.

తర్వాత గేర్లు. ముందు ఒక పళ్లచక్రం, వెనక ఒక ఫ్రీవీలు ఉంచి మిగతావి తీసేయొచ్చు. ముందు 42 పళ్లు, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు 4.7 మీటర్లు వెళుతుంది. చదును రోడ్డుకి అది హాయి. రుషికొండ ఎత్తుపల్లాలకి వెనక 20 పళ్లది మేలు. చుట్టుకి 4.2 మీటర్లే వస్తుంది గానీ తొక్కడం సులువు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 15 కిలోమీటర్ల వేగం... కూరలు తేవడానికి అంతకన్నా ఏం కావాలి? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తొక్కేదైతే వెనక గేర్లు ఉంచేసి, ముందువి మాత్రమే తీసేయండి. తేలిక కోసం మోకాళ్లు పోగొట్టుకోనక్కర్లేదు.

టైర్ల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ముళ్లటైర్లు తీసి నున్నటివి వేస్తే బండి జోరు ఇట్టే తెలుస్తుంది. కానీ ‘26’ అన్నవన్నీ ఒకటి కాదు. మౌంటెయిన్ బైకు రిమ్ముకి కావాల్సింది 559 మిల్లీమీటర్లది. మామూలు సైకిళ్లకి వచ్చే 26 x 1 3/8 టైరు కొలత 590, అది దీనికి పట్టదు. టైరు పక్కన 559 అనే అంకె చూశాకే డబ్బివ్వండి.

తీసేయకూడనివీ ఉన్నాయి

బ్రేకులు రెండూ ఉండాల్సిందే. ఇనప రిమ్ములు తడిస్తే రబ్బరు పట్టు బాగా సడలిపోతుంది. వానలో రుషికొండ దిగేటప్పుడు ఆ సంగతి తెలిస్తే ఆలస్యమైనట్టే. అందుకే డబ్బు పెట్టాల్సిన చోటేదైనా ఉందంటే అది అల్యూమినియం రిమ్ములూ, కొత్త బ్రేకు రబ్బర్లూ, కొత్త తీగలూ. వాటితో బరువూ తగ్గుతుంది, బండీ ఆగుతుంది. గంట, వెనక ఎర్రలైటు, చీకట్లో తిరిగితే ముందు లైటు... ఇవన్నీ కలిపినా గుప్పెడు బరువే. మడ్‌గార్డులుంటే చొక్కాలూ చీరలూ బతుకుతాయి.

ఇంత చేస్తే నాలుగైదు కిలోలు తగ్గొచ్చు. ఖర్చు మాత్రం ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో సామాను కొంటూ పోతే కొత్త సైకిల్ ధర దాటిపోవడం ఎంతోసేపు పట్టదు. బీచ్ నుంచి వచ్చాక మంచినీళ్లతో తుడిచి, ఆరాక చైన్‌కి చుక్క నూనె వేస్తే చాలు. సీటు రాడ్డుకి ఏడాదికోసారైనా గ్రీజు రాయండి, లేదంటే అది గొట్టంలోనే బిగుసుకుపోతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. అన్నం మానేసి మరీ దాన్ని కొనిపించుకున్న పిల్లాణ్ని ఓ మాట అడగండి. ఎక్కడో ఉద్యోగంలో ఉన్నా సరే, ఫోన్ చేసి అడగండి. ‘నా సైకిలా?’ అని ఓ క్షణం ఆగుతాడు. ఆ తర్వాత, స్ప్రింగులు తీసేయమని అతనే చెప్పొచ్చు. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు దాన్ని ఒక్క చేత్తో పైకెత్తి మెట్లెక్కేది అతనే మరి!