చీపురు ఎవరి చేతికిస్తున్నారు?

బడి గంట కొట్టకముందే తరగతి గది ఊడ్చేది ఎవరు? మరుగుదొడ్డి కడగమని ఏ పిల్లలను పంపుతున్నారు? దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరంటూ కొందరు తల్లిదండ్రులు గొడవకొస్తే హెడ్మాస్టరు ఎవరి పక్షాన నిలుస్తారు? పల్లెల్లో పనిచేసే మనకు ఈ ప్రశ్నలు కొత్త కాదు.

ప్రధానోపాధ్యాయుల శిక్షణ అనగానే రిజిస్టర్లు, నిధుల లెక్కలు, ఉత్తీర్ణత శాతం గుర్తొస్తాయి. అవీ అవసరమే. కానీ బడిలో న్యాయం జరగడానికి అవి చాలవు. బలహీన వర్గాల పిల్లల పట్ల వివక్ష ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలంది. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలంది. ఆ తల్లులను సంతకానికి మాత్రమే పిలిస్తే చట్టం కాగితం మీదే మిగులుతుంది.

2012 పోక్సో చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. తన కింద పనిచేసేవారు పిల్లలపై లైంగిక నేరం చేశారని తెలిసీ పోలీసులకు చెప్పని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. బడి పరువు పేరుతో పిల్ల నోరు నొక్కడం నేరమని శిక్షణలో మొదటి రోజే చెప్పాలి.

కులం, జెండర్ గురించిన చర్చ చివరి గంట ఉపన్యాసంగా ముగిసిపోకూడదు. కమిటీలోని తల్లులు, వంట చేసే స్త్రీలు శిక్షణకు వచ్చి తమ అనుభవాలు చెప్పాలి. బడి పెద్దలు కూర్చుని వినాలి. ఈ డిమాండును మన సంఘాలు ప్రతి జిల్లా విద్యాధికారి ముందూ పెట్టాలి.