చుక్కల లెక్క

మా అలంపూర్‌లో జబ్బు ముదిరితే తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పోవడమే అలవాటు. అక్కడ సెలైన్ చుక్కలు లెక్కపెట్టే సిస్టరమ్మను అందరం చూస్తాం. ఆ లెక్క ఆమెకు నేర్పిన టీచరమ్మ ఎవరని అడగం. ఈ సంచిక ఆ టీచర్లది.

1946లో ఢిల్లీ, వెల్లూరులలో బీఎస్సీ నర్సింగ్ మొదలయ్యేదాకా మన దేశంలో ఈ చదువుకు డిగ్రీయే లేదు. ఇప్పుడు నాలుగేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. అయినా ‘నర్సుకు పరిశోధన ఎందుకమ్మా’ అనే పెద్దమనుషులు తగ్గలేదు. ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లోనే లండన్ గణాంక సంఘంలో సభ్యురాలు మరి! మంచం పట్టిన మనిషిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పితే వీపు పుండు పడదు? ఇదీ పరిశోధనే. అందుకే ఈ పేజీల్లో బిరుదుల కంటే వార్డు వాసనే ఎక్కువ పెట్టాం.